మున్నేరు పొంగిన నాడు

నల్లగండ్ల మేడలలో నేడు గాదెలు లేవు, గుమ్ములు లేవు. కొత్తిమీర కట్టయైనను ఫోనుపై వ్రేలు మోపిన పది నిమిషములకు గుమ్మము చేరుచున్నది. సౌకర్యమే, కాదనను. కాని ఆ పది నిమిషముల వెనుక ఎన్ని ఆమడల త్రోవ యున్నదో వాన వచ్చినప్పుడే మనకు తెలియును.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వాన శ్రోతలకు జ్ఞాపకముండును. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. అదే సమయమున ఏరులు పొంగి హైదరాబాదు–విజయవాడ రహదారిపై రాకపోకలు నిలిచినవి. బుడమేరుకు గండ్లుపడి విజయవాడలో సింగునగరము మునిగినది. రైళ్లు తిరిగి నడచుటకు మూడు నాలుగు దినములు పట్టినది.

రైలు ఆగిన లారీ యున్నది, లారీ ఆగిన రైలున్నది అని వర్తకులు ధైర్యముగా నుందురు. అయితే ఆ రెండు దారులును దాటవలసినది ఒకే మున్నేరు: ఖమ్మమువద్ద రైలు, దిగువన నందిగామ చేరువ కీసరవద్ద రోడ్డు. ఒకే వాన రెంటిని ఒకేనాడు మూసివేసినచో, లెక్కకు రెండైనవి నిజమునకు ఒక్కటే గదా! నాడు బండ్లను గుంటూరు, నల్లగొండల మీదుగా త్రిప్పవలసివచ్చినది. అంతకు ముందటి యేడే, 2023 జూలైలో, ఐతవరమువద్ద ఆ రహదారి మునిగియే యున్నది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా నీటియావిరిని మోయగలదు. ఆ వాన యంతయు భూతాపము చలవయే యనుట సాహసము. కుంభవృష్టికి బలము పెరుగుచున్నదనుట మాత్రము సాహసము కాదు.

మన పేటలోని కంప్యూటరు ఉద్యోగులు 2011 నాటి థాయిలాండ్ వరదలను మరువరు. ఒకే మైదానమున కూడియున్న హార్డుడిస్కుల కర్మాగారములు మునుగగా ప్రపంచమంతటను వాని వెల పెరిగినది.

నిలువ సరకు దండుగ యని నేటి వ్యాపారనీతి. ఏడాది బియ్యము ఇంట నుంచుకొనిన మన అవ్వలు ఈ నీతికి నవ్వియుందురు. గిడ్డంగులవారు బియ్యము, పప్పు, పాలపొడి, మందులైనను వానకారుకు ముందే కొంత అదనముగా నుంచవచ్చును. అందుకగు వడ్డీ, నాలుగు దినముల వ్యాపారనష్టముకన్న పెద్దది కాబోదు. కూరగాయల కట్లు కుదరదు. వానికి వేరు దిక్కు చూడవలెను. చేవెళ్ల, శంకరుపల్లి తోటల కూరలు మున్నేరు దాటి రానక్కరలేదు. ఆ వైపు పొలములలోను ఇప్పుడు మేడలే లేచుచున్నవి.