పోయింది నొప్పి ఒక్కటే



మద్రాసుకు మగ్గం కొత్త కాదు. 1734లో గవర్నరు పిట్ నేతవాళ్ల కోసం ఏర్పాటు చేసిన ఊరే చింతాద్రిపేట. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట. ఇవాళ అక్కడ వినబడేది బండ్ల చప్పుడే. అంబత్తూరులో మన ఇళ్లూ అంతే. ఎస్టేట్ కంపెనీలు మనకు కూడు పెట్టాయి, కాదనం. పిల్లలకి పడుగేదో పేకేదో తెలీదు. ఊళ్లలో మిగిలిన మనవాళ్లకి 2020 లాక్‌డౌన్‌లో నూలు రాలేదు, నేసిన చీర కదల్లేదు. ఫోన్లలో విన్నది ఒకటే మాట, ఈ పని ఇంక మాతోనే సరి అని.

ఆ మాట విన్నప్పుడల్లా మాకు చింతకింది మల్లేశం గారు గుర్తొస్తారు. ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగింది. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు పట్టుదారాన్ని అర్ధచంద్రంలా నాటిన మేకుల చుట్టూ తిప్పుతారు, అదే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరలంటే 18,000. అది ఆడవాళ్ల పని. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం, మోచెయ్యి ఒకటే నొప్పి. తరతరాలుగా అందరూ అది మామూలే అనుకున్నారు. ఆయన అనుకోలేదు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చూడండి, చీర మారలేదు, అంచు మారలేదు. పోయింది నొప్పి ఒక్కటే.

మనం వదలాల్సింది కూడా అలాంటిదే. కండెలు చుట్టేది ఆమె, ఆసు పోసేది ఆమె, కూలి లెక్కలో పేరు మాత్రం ఆయనది! 2019-20 చేనేత గణనలో నేతపనివాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లేనని తేలింది. మన మీటింగుల్లో ముందు వరస కుర్చీలు చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇక్కడ కుట్టు కంపెనీకి వెళ్లిన కోడలికి మొదటి నెలే తన పేరు మీద జీతం పడింది, ఈఎస్ఐ కార్డు వచ్చింది. నలభై ఏళ్లు మగ్గం పక్కన కూర్చున్న అత్తకి ఒక్క కాగితం లేదు.

అందుకని ఈ ఏటి నుంచి సభ్యత్వ పుస్తకంలో ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసే పద్ధతి మానేస్తున్నాం. భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలి, ఇద్దరికీ ఓటు. ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. భోజనాలకు లేచే ముందు నింపి ఇవ్వండి. పెన్నులు కూడా పెట్టాం.