సత్యశోధన యంత్రము



దొంగతనమో, హత్యయో జరిగినప్పుడు అనుమానితునకు లై డిటెక్టరు పరీక్ష చేయుదురను వార్త పత్రికలలో కనబడుచుండును. ఆ యంత్రము అబద్ధమును ఇట్టే పట్టివేయునని లోకుల నమ్మకము. ఆ కుర్చీలో కూర్చుండినవానికి జరుగునదేమి? యంత్రము పట్టునది నిజముగా అబద్ధమేనా? ఈ రెండు సంగతులే నేటి ప్రసంగ విషయము.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. మన ధర్మశాస్త్రములు చెప్పిన దివ్యములలో తండులదివ్యమొకటి. దొంగతనము మోపబడినవానిచేత బియ్యము నమలించి ఉమియించెడివారు. నెత్తురు కనబడినచో వాడు దోషి. భయమువలన నోరు ఎండునన్నది అందరకు అనుభవమే. ఎండిన నోట గట్టి గింజలు నమలినచో చిగుళ్లు గీరుకొనవచ్చును. కాని నోరెండుటకు దోషమే చేయనక్కరలేదు. దోషి యని పదుగురెదుట అనిపించుకొన్నను చాలును.

నేటి యంత్రమునకు పాలీగ్రాఫ్ అని పేరు. 1921లో అమెరికాలోని బర్క్‌లీ పోలీసుశాఖలో పనిచేయుచుండిన జాన్ లార్సన్ దీనికి తొలిరూపము కల్పించెను. పరీక్షకు ముందు పరీక్షకుడు అనుమానితునితో చాలసేపు ముచ్చటించి, అడుగబోవు ప్రశ్నలను వినిపించును. పిమ్మట రొమ్మునకు, పొట్టకు గొట్టములు చుట్టుదురు. అవి ఊపిరిని గుర్తించును. వైద్యులు రక్తపుపోటు చూచునట్టి పట్టీని దండకు కట్టి గాలి నింపుదురు. వ్రేళ్లకు లోహపు బిళ్లలు తగిలింతురు. చెమట పట్టినకొలది చర్మమునందు విద్యుత్తు ప్రవహించు తీరు మారును.

ఇక కదలరాదు. అవును, కాదు అనుటయే తప్ప వేరు మాట పలుకరాదు. ప్రశ్నకు, ప్రశ్నకు నడుమ కొన్ని సెకనుల నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములో వాని గుండె చప్పుడు వానికే వినబడును. పట్టీ బిగువునకు చేయి తిమ్మిరెక్కును. ఊపిరి సరిగా తీయవలెనను ప్రయత్నమే ఊపిరిని తప్పించును. "నిన్ను నమ్మినవారిని ఎన్నడైన మోసగించితివా?" అని యొక ప్రశ్న. "ఆ సొమ్ము నీవు తీసితివా?" అని మఱియొకటి. నిరపరాధి మొదటిదానికి ఎక్కువగా కలవరపడుననియు, దొంగ రెండవదానికి కలవరపడుననియు పరీక్షకుల లెక్క. అయితే తన్ను చెరసాలకు పంపగల ప్రశ్న ఏదియో నిరపరాధికి మాత్రము తెలియదా? వాని గుండె అచ్చటనే ఝల్లుమనవచ్చును.

యంత్రము గీసినది గుండె వేగమును, చెమటను, ఊపిరిని మాత్రమే. ఆ గీతలకు అబద్ధమని పేరు పెట్టినవాడు మనుష్యుడు. 1978లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున ఒక యువకుడు ఈ పరీక్షలో తప్పి, హత్యానేరమునకు శిక్షితుడయ్యెను. అసలు హంతకులు బయటపడగా 1980లో విడుదలయ్యెను. అదే దేశపు గూఢచారి శాఖలో నుండి శత్రువునకు రహస్యములమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోను, 1991లోను పరీక్షలో నెగ్గి, 1994లో గాని పట్టుబడలేదు. నిర్దోషి తప్పెను, ద్రోహి నెగ్గెను. 2003లో అమెరికా జాతీయ పరిశోధక మండలి శాస్త్రజ్ఞులు ఈ పరీక్ష వట్టి ఊహకంటె మేలేగాని, దోషరహితమునకు చాల దూరమని తేల్చిరి.

మన దేశమున 2010 మే 5వ తేదీన సెల్వి కేసులో సుప్రీంకోర్టు స్పష్టమైన తీర్పు నిచ్చినది. ఎవ్వరికిని బలవంతముగా ఈ పరీక్ష చేయరాదు. తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమీయవలెనని ఏ నిందితుని నిర్బంధింపరాదని రాజ్యాంగపు 20వ అధికరణము చెప్పుచున్నది. సమ్మతించువాడు న్యాయవాదితో మాటలాడవచ్చును. ఆ సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయవలెను. సమ్మతించి చేయించుకొన్నను పరీక్షా ఫలితము దానంతట అది సాక్ష్యము కానేరదు. దానివలన పిమ్మట బయల్పడిన వస్తువో, సమాచారమో మాత్రము సాక్ష్యము కావచ్చును.

"తప్పు చేయనివానికి భయమేల? పరీక్షకు ఒప్పుకొనరాదా?" అని రచ్చబండమీద అనుట సులభము. ఒప్పుకొననివానిని దొంగగా నెంచుట అంతకంటె సులభము. కాని భయము దోషము కాదు, నిరాకరణము నేరాంగీకారము కాదు. సొమ్మెక్కడ దొరికినది, చూచినవారెవరు, ఆ రాత్రి ఆతడెక్కడ నున్నాడు అను విచారణకు బదులు చెమట బిందువులు రావు. తోటివానిపై నింద పడిన దినమున ఈ సంగతి ఒక్కరు జ్ఞప్తికి తెచ్చుకొని నలుగురికి చెప్పినను, గ్రామమున గ్రంథాలయమున్నందుకు ఫలము దక్కినట్లే.