తిరుమలకి రోప్‌వే వస్తే క్యూ తగ్గుతుందా?

"అన్నా, అమెరికాలో మంచుకొండల మీద ఏటా కొత్త లిఫ్టులు కడతా ఉంటారు, మన తిరుమలకి ఒక రోప్‌వే ఎందుకు వేయరు?" అని అడుగుతున్నారు. ఈరోజు దాని గురించే.

ముందు ఆ లిఫ్టు కథ వినండి. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో మొదటి కుర్చీల లిఫ్టు పెట్టారు. డిజైన్ చేసిన ఇంజనీర్ జేమ్స్ కరన్. ఐడియా ఎక్కడిదో తెలుసా? ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే మిషన్ది! గెలలు తగిలించే చోట కుర్చీలు తగిలించాడు, అంతే.

అక్కడ జనం జారి కిందకొస్తారు, మళ్ళీ ఎక్కాలి. రోజంతా ఇదే పని. అంటే వాళ్ళు ఆగేది లిఫ్టు దగ్గరే. కొత్తది వేస్తే లైను తగ్గుతుంది.

మరి మన దగ్గర? 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చినాయి. బస్సెక్కితే గంటలోపే కొండమీద ఉంటాం. ఆగేదంతా వైకుంఠం కాంప్లెక్సులో. రోప్‌వే ఎంత తొందరగా తీసుకెళ్ళినా, దించేది అదే క్యూ వెనకాలే కదా!

శ్రీశైలం సంగతి వేరు. పాతాళగంగకి దిగి, మళ్ళీ ఆ మెట్లెక్కడమే అక్కడ కష్టం. అందుకే ఆ రోప్‌వే పనికొచ్చింది.

తిరుమలకి రోప్‌వే ఆగమం ఒప్పుకోదనే మాట కూడా ఉంది, అది వేరే చర్చ.

మా అవ్వ అలిపిరి 3,550 మెట్లు ఎక్కలేదు, బస్సులోనే పోతుంది. "కొండెక్కేది నిమిషాల పని నాయనా, సామిని చూసేదే ఓపిక పని" అంటుంది.

మీరేమంటారు? కామెంట్లో చెప్పండి.