బాప్తిస్మం తర్వాత
(యువజన సమావేశంలో ఒక సంఘపెద్ద చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఆదిలాబాద్, కరీంనగర్ గూడేల్లో కొన్ని ఇళ్ళలో పెర్సపేన్‌ను కొలిచే తండ్రి, ఆదివారం ప్రార్థనకు వెళ్ళే కొడుకు ఒకే కప్పు కింద ఉంటున్నారు. ఈ రోజు నేను ఆ కొడుకుతో మాట్లాడుతున్నాను. బాప్తిస్మం ఒక్కరోజులో అవుతుంది. ఎదుగుదలకు జీవితమంతా కావాలి. ఇప్ప విత్తనం మొలిచిన ఏడాదే పూత పూయదు కదా!

మొదటిది, వాక్యం, ప్రార్థన. మార్కు సువార్తలో ఉన్నవి 16 అధ్యాయాలే. రోజుకొకటి చదవండి. అర్థం కానిది రాసుకొని పాస్టరుగారిని అడగండి. ప్రార్థన తెలుగులోనే చేయాలన్న నియమం లేదు. గోండిలో, కొలామిలో, అమ్మ మీకు నేర్పిన మాటల్లో చేయండి. మన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మీ ప్రార్థనను అందులో రాసుకోండి.

రెండోది, విశ్వాసంలోకి రావడం అంటే జాతిని వదలడం కాదు. యూదులు కాని విశ్వాసులు సున్నతి పొందాలా అని తొలి సంఘంలోనే వాదన వచ్చింది. అక్కర్లేదని యెరూషలేములో పెద్దలు తేల్చారు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చదవండి. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్యగారు దోర్నకల్‌లో కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌లో గుడి, మసీదు శిల్పరీతులు కలిసి కనిపిస్తాయి. దేవుణ్ణి ఆరాధించడానికి పరాయి వేషం అక్కర్లేదు.

మనస్సాక్షి ఒప్పుకోని పూజలో పాల్గొనకపోవడం మీ హక్కు. రాజ్యాంగం 25వ అధికరణం ఆ స్వేచ్ఛ ఇచ్చింది. అదే స్వేచ్ఛ నాన్నకూ ఉంది. మెస్రం వంశీయులు గోదావరి జలంతో కాలినడకన కేస్లాపూర్ నాగోబా దగ్గరికి వస్తుంటే ఎగతాళి చేసేవాడు ఎదిగినవాడు కాడు. నాన్నతో పూజకు వెళ్ళలేకపోవచ్చు, చేనుకు వెళ్ళొచ్చు. సగ బంధువుల ఇంట చావు జరిగితే పాడె మోయడానికి ముందుండండి.

ఎస్టీ సర్టిఫికెట్ పోతుందేమోనని కొందరు భయపడుతున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది. రెండూ కలిపి చూడకండి. అయితే తెగ కాగితం మీద నిలిస్తే చాలదు. భాషలో, ఆచారంలో, బంధుత్వంలో నిలవాలి.

మూడోది, సేవ. పక్కింటి పిల్లకు జ్వరం వస్తే ప్రార్థించండి, వెంటనే పీహెచ్‌సీకి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించండి. టీబీ మందులు మధ్యలో మానేస్తే జబ్బు మొండిదవుతుంది. స్వస్థత పేరు చెప్పి ఎవరి మందులూ ఆపించకండి.

ఏడాది తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. నా కోపం తగ్గిందా? తాగుడు మానానా? నా వల్ల ఇంట్లో శాంతి పెరిగిందా? జవాబు మీరు చెప్పకండి. మీ అమ్మను చెప్పమనండి.