టోకెన్ పడ్డది, పైసలు పడలేదు

(వర్గల్‌లో విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉద్యోగుల నడుమ చేసిన ప్రసంగ పాఠం)



ఈ వర్గల్ గుట్ట మీది సరస్వతి గుడికి ఎక్కడెక్కడి నుంచో తల్లులు చంటిపిల్లలను చంకనేసుకొని వస్తరు. వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తరు. ఆ రోజు ఆ తల్లి కండ్లల్ల ఎంత ఆశ ఉంటదో మీకు తెలుసు. పద్దెనిమిది, ఇరవై ఏండ్ల తర్వాత అదే తల్లి, అదే బిడ్డ ఒక కాలేజీ ఆఫీసు కిటికీ ముందు నిలబడి ఉంటరు. చదువు అయిపోయింది. పరీక్షలన్నీ పాసయింది. సర్టిఫికెట్ ఇయ్యుండ్రి అంటే లోపలి నుంచి ఒకటే జవాబు: "సర్కారు నుంచి మీ ఫీజు రాలేదు. మీరు కట్టి తీసుకపోండి, వచ్చినంక వాపస్ ఇస్తం."

చదువు మొదలు గుడి దగ్గర, చివర ఆ కిటికీ దగ్గర. ఈ రెండింటి నడుమ ఫీజు రీయింబర్స్‌మెంట్ అనే మాట ఉన్నది. అది ఎక్కడ పుట్టింది, ఎట్లా నడుస్తది, ఎక్కడ ఆగుతది, ఆగితే భారం ఎవరి నెత్తిన పడుతది? ఇయ్యాల మేం చెప్పదల్చుకున్నది ఇదే.

ఒకరి దయతోని మొదలై...

మన తాతల కాలంలో పేద పిల్లగాడు చదువుకోవాలంటే వారాలు చేసుకునేటోడు. సోమవారం ఒకరింట్ల, మంగళవారం ఇంకొకరింట్ల తిని బడికి పోయేటోడు. తర్వాత కులాలవారీగా హాస్టళ్లు వచ్చినయి. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ ఎంతమంది పల్లె పిల్లలకు నీడ ఇచ్చిందో పెద్దలు చెప్తరు. సరోజినీ నాయుడు 1895లో ఇంగ్లండుకు చదువుకు పోయింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదనే. అంబేడ్కర్ 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయింది బరోడా మహారాజు ఇచ్చిన సాయంతోనే.

ఇవన్నీ మంచి పనులే. గానీ ఇచ్చేటోళ్ల మనసు మీద ఆధారపడ్డ పనులు. ఆ తేడా అంబేడ్కర్‌కు బాగా తెలుసు. ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌ల సభ్యునిగా ఉన్న కాలంలోనే, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లు మొదలైనయి. 1948లో గిరిజన విద్యార్థులకు కూడా ఇచ్చిన్రు. రాజు దయ సర్కారు బాధ్యతగా మారింది అక్కడ.

మన గడ్డ మీద చదువు ఎప్పుడూ రాజకీయమే. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణలోని విద్యా వసతులు తెలంగాణ విద్యార్థులకే దక్కాలని రాసుకున్నరు. రాసుకున్నది నడవలేదు గనకనే 1969ల విద్యార్థులు రోడ్డెక్కిన్రు. మన పక్క మండలం ములుగుల ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయానికి ఎవరి పేరున్నది? తెలంగాణ కోసం 1969ల మంత్రి పదవి వదులుకున్న కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు. కాగితం మీది మాట నడవకపోతే ఏమైతదో ఈ గడ్డకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కాగితం నడిచే తొవ్వ

ఇప్పుడున్న పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో 2008లో పెరిగి పెద్దదైంది. అప్పటిదాకా ప్రధానంగా ఎస్సీ, ఎస్టీ పిల్లలకే అందిన పూర్తి ఫీజు సాయం బీసీలకు, తర్వాత ఇతర పేదలకు కూడా వచ్చింది. రాష్ట్రం వచ్చినంక 2014లో 'ఫాస్ట్' అని కొత్త పథకం తెచ్చిన్రు. 1956 స్థానికత చుట్టూ అది కోర్టుకెక్కింది. మరుసటి ఏడాదికే వాపస్ తీసుకొని పాత తొవ్వకే వచ్చిన్రు.

ఈ సాయంల రెండు పాళ్లు ఉంటయి. ఒకటి ట్యూషన్ ఫీజు, అది కాలేజీకి పోతది. రెండోది మెయింటెనెన్స్, అంటే తిండి, పుస్తకాల ఖర్చు. అది విద్యార్థి బ్యాంకు ఖాతాకు రావాలె. విద్యార్థి ఈ-పాస్‌ల దరఖాస్తు పెట్టాలె. కులం కాగితం, తహసీల్దారు ఇచ్చే ఆదాయం కాగితం, ఆధార్, బ్యాంకు ఖాతా, సీటు కేటాయింపు ఉత్తర్వు కావాలె. వేలిముద్ర వెయ్యాలె. కాలేజీ సరిచూసి పంపితే సంక్షేమ శాఖ జిల్లా అధికారి మంజూరు చేస్తడు. మేనేజ్‌మెంట్ కోటాల చేరినోళ్లకు ఇది రాదు. హాజరు 75 శాతం లేకపోతే ఆగుతది.

మంజూరైతే అయిపోయిందనుకుంటరు. అసలు కథ అక్కడే మొదలైతది. మంజూరు నుంచి బిల్లు తయారైతది. బిల్లు ట్రెజరీకి పోతది. ట్రెజరీ ఒక టోకెన్ నంబరు ఇస్తది. ఆ తర్వాత ఆర్థిక శాఖ పైసలు వదలాలె. టోకెన్ పడ్డదానికి, పైసలు పడేదానికి నడుమ నెలలు పోతయి, ఒక్కోసారి ఏండ్లు పోతయి. ఉద్యోగ మిత్రులకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు. మీ డీఏ బకాయిలు, మీ జీపీఎఫ్ బిల్లులు ఏ లైన్ల నిలబడ్డయో ఈ పిల్లల ఫీజు కూడా అదే లైన్ల నిలబడ్డది.

మంజూరైన సొమ్మైనా పూర్తి ఫీజా అంటే, అందరికీ కాదు. ఇంజినీరింగ్‌ల బీసీ విద్యార్థికి ఎంసెట్‌ల, అంటే ఇప్పటి ఎప్‌సెట్‌ల, 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. ఆ పైన ర్యాంకు వస్తే సాధారణంగా 35 వేలు. ఆ 35 వేలు పెట్టి ఏండ్లు గడిచినయి. కమిటీ నిర్ణయించే కాలేజీ ఫీజులు మాత్రం లక్ష దాటినయి. లక్ష ఫీజు అనుకుంటే ఏడాదికి 65 వేలు ఇంటి మీద పడుతది. నాలుగేండ్లకు 2 లక్షల 60 వేలు. ఈ లెక్క చేరేనాడు ఆ తండ్రికి ఎవరూ కూసోబెట్టి చెప్పరు.

జమానతు ఎవరు?

సర్కారు కాలేజీకి బాకీ పడ్డది. నడుమ జమానతు ఎవరు? విద్యార్థి. కాలేజీ సర్కారు మీద కేసు వెయ్యదు, విద్యార్థి సర్టిఫికెట్‌ను బీరువాల పెట్టి తాళమేస్తది. బాకీ పెట్టినోడు ఒకడు, బాకీ రావాల్సినోడు ఒకడు, కుదువ పడ్డది మాత్రం మన బిడ్డ బతుకు. ఉద్యోగం వచ్చినా చేరలేడు, పీజీ సీటొచ్చినా చేరలేడు. మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టేటోళ్లు కడుతున్నరు, కట్టలేనోళ్లు కూలికి పోతున్నరు.

యాజమాన్యాలన్నీ దొంగలని మేం అనం. ఫీజులు రాక జీతాలు ఆగిన అధ్యాపకులు మనవాళ్లే. 2025 సెప్టెంబరులో ఒకసారి, నవంబరులో మరోసారి ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టినయి. సర్కారు కొంత సొమ్ము వదులుతమని మాటిస్తే తెరిచినయి. అంటే కాలేజీలకు సంఘం ఉన్నది, బంద్ ఉన్నది, చర్చలున్నయి. ఆ చర్చల బల్ల దగ్గర విద్యార్థికి కుర్చీ ఎక్కడున్నది? పార్టీలు మారినయి, ముఖ్యమంత్రులు మారిన్రు, బకాయి మాత్రం మారలేదు.

ఆలస్యం అంటే చిన్న మాట అనుకోకండి. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల చివరి ఉత్తరంల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ 1 లక్ష 75 వేలు రావాలని లెక్క రాసి పోయిండు. 2020 నవంబరులో ఢిల్లీల చదివే మన షాద్‌నగర్ బిడ్డ, కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు ఎంపికై కూడా, ఆ పైసలు చేతికి రాకముందే ప్రాణం తీసుకున్నది. ఒక్క కారణంతోనే ఎవరూ పోరు. గానీ ఇంట్ల పైసలు లేని పిల్లలకు ఆలస్యమంటే ఏమిటో ఈ రెండు పేజీలు చదివితే తెలుస్తది. ఇక్కడున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. బాకీ సర్కారుది, సిగ్గు మీది కాదు. ఇంట్ల చెప్పుండ్రి, దోస్తులకు చెప్పుండ్రి, ఒంటరిగా మొయ్యకుండ్రి.

చేరకముందే లెక్క

అమెరికాల ఒక పద్ధతి ఉన్నది. అక్కడి విద్యార్థి ఇంటి ఆదాయం రాసి ఒక దరఖాస్తు పెడితే, చేరకముందే విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వస్తది. మొత్తం ఖర్చు ఇంత, తిరిగి కట్టనక్కర్లేని సాయం ఇంత, అప్పు ఇంత, క్యాంపస్‌ల పనిచేసి సంపాదించుకునేది ఇంత అని. నాలుగు కాలేజీల ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకొని చూసి ఒకదాంట్ల చేరుతరు. అక్కడంతా స్వర్గమని మేం అంటలేం, చదువు అప్పుల కింద నలిగేటోళ్లు అక్కడా ఉన్నరు. గానీ ఎంత వస్తదో, ఎంత కట్టాలో ముందే తెల్వడం ఆ పిల్లల హక్కు. మన పిల్లలకు అది ఎందుకు ఉండొద్దు?

అందుకే మేం అడుగుతున్నది నాలుగు మాటలు. సీటు కేటాయించిన నాడే సర్కారు ఇచ్చేదెంత, ఇల్లు కట్టేదెంత అని రాతపూర్వకంగా చెప్పాలె. ఏ ఏడాది ఫీజు ఆ ఏడాదిల్నే వదలాలె. పాత బకాయికి తేదీలతో లెక్క పెట్టి, శాసనసభ ముందట పెట్టాలె. బకాయి పేరుతో ఏ సర్టిఫికెట్ ఆపినా చర్య తీసుకోవాలె. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వాపస్ ఇయ్యాలె తప్ప తమ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. ఆ కాగితం ఎంతమంది చూసిన్రు?

మనం చెయ్యాల్సింది కూడా ఉన్నది. దరఖాస్తు నంబరు, రసీదు దాచిపెట్టుకోవాలె. మంజూరైందా, బిల్లు పోయిందా, టోకెన్ పడ్డదా అని మూడు మెట్లూ అడగాలె. సర్టిఫికెట్ అడిగేది నోటితో కాకుండా రాసి అడగాలె, ఇయ్యమంటే ఎందుకియ్యరో కూడా రాసిమ్మనాలె. నోటి మాటకు సాక్ష్యం లేదు, రాతకు ఉన్నది. ఉద్యోగ సంఘాల పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నం. మీ డిమాండ్ల పత్రంల డీఏ కింద ఒక వరుస ఈ పిల్లల ఫీజు కోసం రాయండి. 2009 అక్టోబరులో సిద్దిపేట ఉద్యోగ గర్జనకు మీరు కదిలినప్పుడు విద్యార్థులు మీ వెంట నడిచిన్రు. ఇప్పుడు వాళ్ల వెంట మీరు నడవాలె.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. నిధి రాక సర్టిఫికెట్ రాకపోతే, సర్టిఫికెట్ లేక నియామకం ఎట్లొస్తది? ఈ గుట్ట మీద ఓనమాలు దిద్దిన చెయ్యికి దాని పట్టా దానికి దక్కేదాకా ఈ మాట మేం విడువం.

జై తెలంగాణ!