శరీరం కూడా అమానతే



సర్వస్తోత్రాలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై శాంతి, శుభాలు వర్షించుగాక!

సిరిసంపదల వలెనే శరీరం కూడా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడపాలని పూనుకున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) కు, ఆయన శరీరానికి కూడా ఆయనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. ఆరాధన పేరిట సైతం కాలరాయకూడని హక్కును తిండి మూలంగా, సోమరితనం మూలంగా కాలరాయటం విశ్వాసికి ఎలా తగుతుంది?

ఈ హక్కును నేడు మన యువతీయువకుల విషయంలో ఆలోచిద్దాం. తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీపురుషులలో దాదాపు 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారని 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. ఇది నగరాలకే పరిమితమైన సమస్య కాదు. నారాయణఖేడ్ నల్లరేగడి చేలకు నడిచి వెళ్ళి, జొన్నరొట్టె తిని బ్రతికిన పెద్దల జీవితం వేరు. వీధి చివరికి కూడా మోటారు సైకిలు మీద వెళ్ళే నేటి యువత జీవితం వేరు. మధుమేహం, రక్తపోటు యవ్వనంలోనే తలుపు తడుతున్నాయి.

బరువు పెరిగినవారు కొందరు మందుల దుకాణానికి వెళ్ళి విటమిన్ బిళ్ళలు కొంటారు. విటమిన్ లోపాన్ని తీరుస్తుంది గాని కొవ్వును కరిగించదు. అధిక బరువు ఉన్నవారిలో విటమిన్ డి కొవ్వులో నిలిచిపోయి రక్తంలో తగ్గటం కద్దు. కనుక వైద్యుని సలహాపై పరీక్ష చేయించుకొని, లోపం ఉంటే వాడటం ఉచితమే. వైద్యం చేయించుకోమని బోధించిన ప్రవక్త (స) అనుయాయులం మనం. అయితే 60,000 యూనిట్ల విటమిన్ డి మందును వైద్యులు సాధారణంగా వారానికి ఒకసారి, కొన్ని వారాలకే వ్రాస్తారు. దానిని రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. తిని త్రాగటాన్ని అనుమతిస్తూనే మితిమీరటాన్ని వారించిన ఖుర్ఆన్ ఆదేశం మందుకూ వర్తిస్తుంది. అనేక గొట్టం మాత్రల పైతొడుగు జంతువుల నుండి తీసిన జెలటిన్‌తో తయారవుతుంది. అది దేనిదో విచారించి, సందేహం ఉంటే బిళ్ళ రూపంలో దొరికే మందును అడగటం మేలు.

వ్యాయామానికి బదులు నిలువగల మాత్ర లేదు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవటం వంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మస్జిద్ ఐదు నిమిషాల దూరంలో ఉన్న యువకుడు మూడు నమాజులకు వడివడిగా నడిచి వెళ్ళి వస్తే రోజుకు 30 నిమిషాలు. ఐదు రోజులకు 150 నిమిషాలు. పైగా మస్జిద్ వైపు వేసే ప్రతి అడుగుకూ పుణ్యం ఉందన్న శుభవార్త మనకు ఉండనే ఉంది!

వ్యాయామం పురుషులకే పరిమితం కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి) తో పరుగు పందెం వేశారు. మన ఆడబిడ్డలు నడవటానికి తీరికనూ, సురక్షితమైన చోటునూ కల్పించటం ఇంటి పురుషుల బాధ్యత. ఇక భోజనం విషయమంటారా, కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అని దైవప్రవక్త (స) హద్దు చూపారు. వలీమా విందులోనూ ఆ హద్దు మారదు.

సోదరులారా! లావుగా ఉన్న పిల్లవాణ్ణి "మోటా" అని పిలిచి నవ్వటం వినోదం కాదు. ఎగతాళినీ, చెడ్డ పేర్లతో పిలవటాన్నీ సూరె హుజురాత్ నిషేధించింది. పైగా థైరాయిడ్ లోపం వల్ల, కొన్ని మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. ఎగతాళికి గురైనవాడు మైదానానికి రాడు, గదిలో దాగుతాడు. అతని చేయి పట్టుకొని, ఫజ్ర్ నమాజు తరువాత అతనితో కలిసి నడిచేవాడే నిజమైన సోదరుడు.

ఓ అల్లాహ్! మా యువతకు ఆరోగ్యాన్నీ, దానిని నీ మార్గంలో వినియోగించే సద్బుద్ధినీ ప్రసాదించు. నీవు అప్పగించిన అమానతును కాపాడే శక్తిని మా అందరికీ అనుగ్రహించు. ఆమీన్.