ఖరగ్‌పూర్‌లో తిరిగిన లారీ: స్కేలు మోడల్ కిట్ల ఎంపిక, కలయిక



నేటి ప్రసంగం ఒక లారీ గురించి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్న విమానస్థావరాలకు వచ్చిన అమెరికన్ సైనిక వాహనాన్ని ప్లాస్టిక్ కిట్లతో చిన్నరూపంలో తయారుచేయాలనుకోండి. ఏ కిట్టు ఎంచుకోవాలి? ఒక పెట్టెలో లేని భాగాన్ని మరో పెట్టె నుంచి తెచ్చి ఎలా అతకాలి? ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

ఖరగ్‌పూర్‌ను తీసుకోవడానికి కారణం ఉంది. బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. రైల్వే వర్క్‌షాపు గురించి అందరికీ తెలుసు. 1944లో ఆ ఊరు అమెరికన్ 20వ బాంబర్ కమాండ్‌కు కేంద్రమని మాత్రం అక్కడ పుట్టిన పిల్లల్లోనే చాలామందికి తెలియదు. ఆ కమాండ్ కార్యాలయం హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ఉండేది. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించింది ఆ శిబిరంలోనే. దేశంలో మొదటి ఐఐటీ ఆరంభమైనది కూడా ఆ భవనంలోనే. సాలువా, దూధ్‌కుండీ, పియార్‌డోబా, చాకులియా స్థావరాలలో బి-29 విమానాలుండేవి. కలైకుండా రవాణా విమానాల స్థావరం. మొదటి బి-29 చాకులియాలో దిగింది 1944 ఏప్రిల్ 2న. జూన్ 5న 98 విమానాలు తొలి దాడికి బయలుదేరాయి. లక్ష్యం బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే వర్క్‌షాపు. రైల్వే ఊరి నుంచి మరో రైల్వే కర్మాగారం మీదికన్నమాట!

విమానాలకు పెట్రోలు కావాలి, బాంబులు కావాలి, మనుషులకు తిండి కావాలి. ఇవన్నీ మోసింది లారీలు. అమెరికన్ సైన్యంలో ఎక్కువగా కనిపించే లారీ జీఎంసీ వారి రెండున్నర టన్నుల, ఆరు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి. దీని పేరు సీసీకేడబ్ల్యూ. అది పొడి అక్షరాల కుప్ప కాదు. మొదటి సీ 1941 నాటి రూపకల్పనకు, రెండవ సీ మామూలు క్యాబిన్‌కు, కే ముందు చక్రాలకూ శక్తి అందుతుందనడానికి, డబ్ల్యూ వెనక రెండు ఇరుసులకు గుర్తు. యుద్ధం ముగిసేలోగా ఇవి 5 లక్షల 60 వేలకు పైగా తయారయ్యాయి.

ఇన్ని బండ్లున్నప్పుడు అన్నీ ఒకేలా ఉండవు కదా. ఎంపికలో మొదటి మెలిక ఇక్కడే ఉంది. పేరు చివర 352 అని ఉంటే పొట్టి ఛాసిస్, 353 అని ఉంటే పొడవు ఛాసిస్. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుల జంట నడిమధ్యకు ఉన్న దూరాన్ని వీల్‌బేస్ అంటారు. పొట్టిదానికి 145 అంగుళాలు, పొడవుదానికి 164 అంగుళాలు. తేడా 19 అంగుళాలు, అంటే సుమారు 48 సెంటీమీటర్లు. 1/35 నిష్పత్తిలో అది 1.4 సెంటీమీటర్లు అవుతుంది. 1/48లో 1 సెంటీమీటరు, 1/72లో 7 మిల్లీమీటర్లు. బొమ్మలో 1.4 సెంటీమీటర్లు చిన్న తేడా కాదు, కంటికి వెంటనే కనిపిస్తుంది.

రెండవ తేడా క్యాబిన్‌ది. మొదట్లో ఇనుప పైకప్పు ఉండేది. తరువాత ఉక్కు ఆదా కోసం, ఓడల్లో తక్కువ చోటు పట్టేందుకు గుడ్డ కప్పు వచ్చింది. పాత బండ్లు కొత్తవాటితో పాటే నడిచాయి గనుక 1944 బండికి రెండూ నప్పుతాయి. దీని మీద తర్జనభర్జన అక్కరలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. బి-29కి పెట్రోలు పోసే దృశ్యం చేయాలనుకుంటే ఏ బండి తీసుకోవాలి? ఛాసిస్ మీద రెండు 375 గ్యాలన్ల తొట్లు అమర్చిన జీఎంసీ బండి ఒకటుంది. మొత్తం 750 అమెరికన్ గ్యాలన్లు. ఈ అంకె ఎలా వచ్చిందో లెక్క వేసి చూడండి. గ్యాలన్ పెట్రోలు ఇంచుమించు 6 పౌండ్లు. 750 గ్యాలన్లు 4,500 పౌండ్లు. రెండున్నర టన్నులంటే 5,000 పౌండ్లు. తొట్ల బరువు కూడా కలుపుకుంటే బండి మోయగలిగిన హద్దుకు చేరుకున్నట్టే. మరి బి-29 రెక్కల ట్యాంకుల్లో ఐదు వేల గ్యాలన్లకు పైగా పడుతుంది. ఒక్క విమానం నింపడానికి ఈ బండి కనీసం ఏడు తడవలు రావాలి! అందుకే పెద్ద బాంబర్ల కోసం ఎఫ్-1 అనే 4,000 గ్యాలన్ల ట్రైలర్ ఉండేది. దాన్ని లాగడానికి ఆటోకార్ వంటి ట్రాక్టర్ లారీ ఉండేది. కాబట్టి పెద్ద విమానం పక్కన చిన్న తొట్టి లారీ ఒక్కటే నిలబెడితే చూసేవారికి అనుమానం రావాలి. ఫోటో దొరకకముందే కూడికలు, గుణకారాలు మనకు ఇంత చెబుతాయి.

కిట్ల సంగతికి వద్దాం. ఎయిర్‌ఫిక్స్ వారి 1/72 బాంబర్ సరఫరా సెట్టులో ఆటోకార్ ట్రాక్టరు, ఎఫ్-1 ట్రైలరు, బాంబు బండి, జీపు ఉన్నాయి. అది ఇంగ్లండులోని 8వ వైమానిక దళం కోసం చేసినది. 1/48లో టమియా వారి జీఎంసీ విమానాశ్రయ పెట్రోలు బండి ఉంది. 1/35లో హాబీబాస్ వారి 750 గ్యాలన్ల తొట్టి బండి ఉంది, టమియా వారి సామాను లారీ కూడా ఉంది.

నిష్పత్తి ఎంచుకునేముందు బల్ల కొలుచుకోండి. బి-29 రెక్కల వెడల్పు 43 మీటర్లు. 1/72లో 60 సెంటీమీటర్లు, అలమరలో పడుతుంది. 1/48లో 90 సెంటీమీటర్లు. 1/35లో 1 మీటరు 23 సెంటీమీటర్లు, అది మంచం మీద పరచాల్సిందే! విమానం కావాలంటే 1/72కే పోవాలి. లారీ, దాని చుట్టూ మనుషులు కావాలంటే 1/35 మేలు. నన్నడిగితే ఖరగ్‌పూర్ కథకు రెండవదే సరి అంటాను. ఎందుకో చివర చెబుతాను.

నిష్పత్తులు కలపకండి. 1/72కూ 1/76కూ దగ్గర పోలిక ఉన్నట్టే అనిపిస్తుంది. ఆరున్నర మీటర్ల లారీ ఒకదానిలో 9 సెంటీమీటర్లు, మరోదానిలో 8.6. వేరువేరు బండ్లయితే దూరంగా పెట్టి సర్దుకోవచ్చు. ఒకే బండికి ఒకదాని క్యాబిన్, మరోదాని ఛాసిస్ అతికితే మాత్రం బోల్టు రంధ్రాలు కూడా కలవవు. (1/76 అన్నది ఇంగ్లండులో బొమ్మ రైళ్ళవారు వాడే కొలత. రైలు బొమ్మలంటే ఇష్టమున్నవారికి అది పనికొస్తుంది.)

ఇక కలయిక. తొట్టి బండి సాధారణంగా పొడవు ఛాసిస్ మీద వచ్చేది. మీ దగ్గర పొట్టి ఛాసిస్ కిట్టు, మిత్రుడి దగ్గర మిగిలిపోయిన తొట్లు ఉన్నాయనుకుందాం. ఛాసిస్‌ను 1.4 సెంటీమీటర్లు పొడిగించాలి. క్యాబిన్ వెనక, అడ్డపట్టీలు లేని చోట రంపంతో కోయండి. రెండు పక్కల కోతలు ఒకదాని ఎదురుగా ఒకటి రాకూడదు, వస్తే అక్కడే వంగుతుంది. మధ్యలో అదే మందం ప్లాస్టిక్ ముక్క పెట్టి, లోపలి వైపున కనీసం 3 సెంటీమీటర్ల పట్టీ అతికించండి. రైలు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు చేసే పని ఇదే. ప్రొపెల్లర్ షాఫ్టును కూడా అంతే పొడిగించాలి, చాలామంది దీన్ని మరచిపోతారు. జిగురు ఆరేదాకా అద్దం పలక మీద ఉంచండి. ఆరు చక్రాలూ అద్దాన్ని తాకాలి.

ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్‌ను కలిపే ద్రవ జిగురు అంచులను కరిగించి ఒకటి చేస్తుంది. రెజిన్, లోహపు భాగాల మీద అది పనిచేయదు. వాటికి సూపర్ గ్లూ వాడాలి. ఈ పనులు కిటికీ తెరిచి చేయండి. రెజిన్‌ను ఆకురాయితో రుద్దేటప్పుడు సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి.

రంగు వేయడం దగ్గర పెట్టెలోని సూచనలు మనల్ని ఐరోపాకు తీసుకుపోతాయి. ఆలివ్ రంగు అక్కడా ఇక్కడా ఒకటే. బంపరు మీద అంటించే దళాల గుర్తులు మాత్రం అక్కడివి, వాటిని వదిలేయండి. బానెట్ మీది నంబరు ఈ తరగతి లారీలకు 4తో మొదలవుతుంది. నార్మండీ బురదకు బదులు ఖరగ్‌పూర్ లేటరైట్ ఎర్రమట్టి పూయాలి. చక్రాల మీద, మడ్‌గార్డుల అడుగున ఎక్కువగా, క్యాబిన్ మీద పలచగా. నెల ఏదో ముందే తేల్చుకోండి. ఏప్రిల్ అయితే దుమ్ము, జూలై అయితే ముద్ద. చికాగో విశ్వవిద్యాలయపు డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో గ్లెన్ హెన్స్లీ అనే అమెరికన్ సైనికుడు 1944లో బెంగాల్‌లో తీసిన ఫోటోలు ఉన్నాయి. మనుషులను, వీధులను, బట్టలను చూడటానికి అవి ఉపకరిస్తాయి.

మనుషుల మాట వచ్చింది గనుక 1/35 ఎందుకన్నానో చెబుతాను. ఆ రన్‌వేలను అమెరికన్ ఇంజనీరింగ్ దళాలతో పాటు వేలాది మంది మన కూలీలు వేశారు. మట్టి, కంకర తట్టలతో మోశారు. 1942 అక్టోబరులో మిడ్నపూర్ జిల్లాను తుపాను ముంచింది, 1943లో కరువు వచ్చింది. ఆ పని మొదలయ్యేనాటికి చుట్టుపక్కల ఊళ్ళు ఆకలి నుంచి ఇంకా తేరుకోలేదు. కిట్ల పెట్టెల్లో వచ్చే బొమ్మలు మాత్రం ఎక్కువగా ఐరోపా రణరంగపు సైనికులు. లారీ ఒక్కటే బల్ల మీద పెడితే అది ఎక్కడి లారీ అయినా కావచ్చు. దాని పక్కన తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక స్త్రీ నిలబడితే అది 1944 నాటి ఖరగ్‌పూర్ అవుతుంది. 1/72లో ఆమె రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, చీరకట్టు తెలియదు. 1/35లో నాలుగున్నర సెంటీమీటర్లు, చీరకట్టు, చేతి గాజులు, మోచేయి వంపు కూడా చూపించవచ్చు.

ఆ బొమ్మ మీరే చేయాలి. సైనికుడి బొమ్మ నుంచి కాళ్ళు, మొండెం తీసుకోండి. టోపీ, తోలుపట్టీలు చెక్కేయండి. చేతులు భుజం దగ్గర కోసి పైకెత్తి అతికించండి. జిగురు నీళ్ళలో తడిపిన పలచని కాగితం చీర అవుతుంది, కుచ్చిళ్ళు సూదితో నొక్కాలి. తట్ట నిజానికి 45 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే ఇక్కడ 1.3 సెంటీమీటర్లు. చొక్కా గుండీని అచ్చుగా పెట్టి, జిగురులో తడిపిన కుట్టు దారాన్ని దాని మీద చుట్టలుగా చుట్టండి. ఆరిన తరువాత గుండీని తీసేసి, లోపల జల్లించిన ఎర్రమట్టి పోసి అతికించండి.